గడప కాని పట్టీ

పడకగది తలుపు కింద నేలకు బిగించిన లోహపు పట్టీ ఒక కొస కొద్దిగా లేచింది. దాని మీద కాలు పడ్డప్పుడల్లా టక్కుమంటోంది. మా ఇంట్లో ఆ చప్పుడు చిన్న విషయం కాదు. నా భార్యకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఎడమ కాలు సరిగా లేవదు. కర్ర పట్టుకుని, ఆ కాలును ఈడ్చుకుంటూ, ఆ పట్టీ మీదుగానే ముందరి గదిలోకి వచ్చి పోతుంటుంది. లేచిన కొసకు వేలు తగిలితే పడిపోతుంది. పట్టీ లేవకముందే అక్కడ ఒకసారి పడింది కూడా. ఇంకోసారి పడి తుంటి విరిగితే మళ్ళీ నడవడం ఉండదని డాక్టరు అప్పుడే చెప్పాడు.

పట్టీ బిగించినాయన నంబరు నా ఫోన్లో 'పట్టీలు' అని ఉంది. పేరు తెలియక కాదు. మంచిర్యాలలో ఆయనను ఇంటికి పిలిపించుకున్నవాళ్ళెవరూ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. పట్టీలాయన అనేవాళ్ళు. నేనూ అదే అంటాను.

ఫోన్ ఎత్తింది ఆయన భార్య. పట్టీ లేచిందని చెప్పాను.

“ఆయన చనిపోయిండు సారూ,” అంది. “ఇచ్చోడల లాడ్జి పనికి పోయిండు. ఆడనే ఛాతీల నొస్తున్నదన్నడట. దవాఖానకు తీస్కపోయేటాల్లకే అయిపోయింది.”

ఇలాంటప్పుడు అనే మాటలే నేనూ అన్నాను. అవి ఆమెకు ఎందరో అనే ఉంటారు. ఓపికగా విన్నది.

చనిపోయిన మనిషి గురించి రాయడానికి కూర్చుంటే ఆయనను మంచివాణ్ణి చేసేయడం చాలా సులువు. చేతిలో ఏదో మహిమ ఉండేదని రాయొచ్చు. అటువంటిదేమీ లేదు. తనకంటే బాగా బిగించేవాళ్ళు కరీంనగర్‌లో ఉన్నారని ఆయనే చెప్పేవాడు. మా వంటగది దగ్గర ఆయన వేసిన పట్టీ ఇప్పటికీ వంకరగానే ఉంది. అడిగితే ఒప్పుకోలేదు. “పట్టీ సక్కగనే ఉన్నది సారూ, మీ గోడనే వంకరున్నది,” అన్నాడు. గోడ వంకరగా లేదు.

ఆయన పని ఇంటి పనుల్లో చిట్టచివర వస్తుంది. ఒక గదిలో పాత షాబాద్ బండలుంటాయి. పక్కగదిలో టైల్స్ వేయిస్తారు. ఇంకో గదిలో చెక్క పలకలు పరిపిస్తారు. రెండు రకాల నేలలు కలిసే చోట సందు మిగులుతుంది, ఒకటి ఎత్తుగానూ ఒకటి పల్లంగానూ ఉంటుంది. ఆ సందును కప్పుతూ, కాలికి తట్టుకోకుండా వాలుగా ఉండే పట్టీని మరమేకులతో బిగించాలి. ఆయన వచ్చేసరికి మేస్త్రీలు వెళ్ళిపోయి ఉంటారు. ఇంటివాళ్ళు ఇంటి మీద విసుగెత్తి ఉంటారు. ఆ విసుగంతా ఆయనే పడాలి.

“బండలేశెటోడు బండలేసి పోతడు. చెక్కలేశెటోడు చెక్కలేసి పోతడు. నడుమల సందు ఎవ్వనిదంటె నాది గాదంటె నాది గాదంటరు. గా ఎవ్వనిదీ గానిదే నాది సారూ,” అనేవాడు. గర్వంగా అనేవాడు కాదు. నడుము పట్టుకుని లేస్తూ అనేవాడు.

ఉండేది గోదావరిఖనిలో. మంచిర్యాలకు రావాలంటే గోదావరి దాటాలి. ఎప్పుడు ఫోన్ చేసినా ఆయన బ్రిడ్జి మీదే ఉండేవాడు.

“వస్తున్న సారూ, బ్రిడ్జి మీదున్న.”

“బ్రిడ్జి మీద కుక్కర్ కూత ఇనవడుతున్నదేంది?”

“కింద మంది వంట చేస్కుంటున్నరు సారూ.”

ఇలా అన్నాక ఆయన రావడానికి సాయంత్రమయ్యేది, ఒక్కోసారి మర్నాడయ్యేది. మోపెడ్ మీద వచ్చేవాడు. పొడవాటి పట్టీలు వంగిపోకుండా నీళ్ళ పైపు ముక్కలో పెట్టి, ఆ పైపును మోపెడ్‌కు పక్కగా కట్టేవాడు. అది ముందూ వెనకా బయటకు పొడుచుకు వచ్చి ఉండేది. వెనక కొసకు ఎర్ర గుడ్డ. మా వీధి మలుపు తిరిగేటప్పుడు దిగి, మోపెడ్‌ను చేత్తో నడిపిస్తూ వచ్చేవాడు. ఒకసారి ఎవరి కూరగాయల బండికో తగిలిందట.

పని చేస్తున్నంతసేపూ పట్టీతో మాట్లాడేవాడు. మాట్లాడటమంటే తిట్టడమే. “ఏం రోగమే నీకు, జర సక్కగ కూసో,” అనేవాడు. చాయ్ ఇస్తే తీసుకుని గోడ వారగా పెట్టేవాడు, పని అయ్యాక చల్లారిన చాయ్ తాగేవాడు. వేడి చేసిస్తామన్నా వద్దనేవాడు. వేడి చాయ్ తాగితే కూర్చోబుద్ధవుతుంది, చల్ల చాయ్ తాగితే పోబుద్ధవుతుంది అని కారణం చెప్పేవాడు.

చివరి మర తిప్పాక కళ్ళు మూసుకుని, వట్టి కాళ్ళతో, ఆ అతుకు మీదుగా అటూ ఇటూ నడిచేవాడు. కాలికి తెలియకూడదు. చెవికి వినపడకూడదు. తర్వాత ఇంట్లోవాళ్ళందరినీ ఒక్కొక్కరిగా నడవమనేవాడు. “బరాబరున్నదా?” అని అందరినీ అడిగేవాడు. ఎవరైనా పనిలో ఉండి తర్వాత చూస్తామంటే పోయేవాడు కాదు.

తండ్రి సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేశాడట. “మా బాపు తెగిన పోగులకు ముడేస్కుంట బతికిండు, నేను బండలకు ముడేస్కుంట బతుకుతున్న,” అన్నాడు ఒకసారి. ఈ పోలిక ఆయనదే. బాగుందని అప్పుడు అనుకున్నాను. పనికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ చెప్పేవాడని తర్వాత తెలిసింది.

మనుషుల ముఖాలు ఆయనకు గుర్తుండేవి కావు. హుజూరాబాద్‌లో ఒక పెళ్ళిలో కనబడ్డాడు. పలకరిస్తే ఎవరో అన్నట్టు చూశాడు. మంచిర్యాల, రైలు గేటు పక్క వీధి అని చెప్పినా గుర్తుపట్టలేదు. పడకగది తలుపు దగ్గర వేశారు కదా అన్నాను. “ఆఁ! షాబాదుకు చెక్క!” అని చేయి పట్టుకున్నాడు. తర్వాత వెంటనే “అక్క తొక్కుతున్నదా?” అని అడిగాడు. పెళ్ళివాళ్ళు ఏమనుకున్నారో తెలియదు.

ఆ ప్రశ్న వెనక ఉన్న సంగతి చెప్పాలి.

మా పడకగదికి చెక్క గడప ఉండేది. ఎత్తుగా ఉండేది. నా భార్య ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి శుక్రవారం శుక్రవారం దాన్ని కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టేది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె కాలు ఆ గడప దాటలేకపోయింది. వడ్రంగిని పిలిచి కోయించేశాను. రంపం ఆడుతున్నంతసేపూ ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పడితే దెబ్బ తక్కువ తగులుతుందని గదిలో చెక్క పలకలు పరిపించాం. దాంతో గది నేల ముందరి గది బండల కంటే వేలెడు ఎత్తయింది. గడప పోయిన చోట సందు, పక్కన ఎత్తు. అందుకే పట్టీలాయన వచ్చాడు.

ఆయన ఆ రోజు నాతో కంటే ఆమెతోనే ఎక్కువ మాట్లాడాడు.

“గడప తీసేసిండ్రు,” అంది ఆమె. అప్పటికి మాట ఇంకా ముద్దగా వచ్చేది.

“తీస్తె తీసిండ్రు. రంది వడకు అక్కా. ఇగో, గిదే నీ గడప.”

అంతటితో ఊరుకోలేదు. పసుపు కుంకుమ అడిగి తెప్పించుకున్నాడు. పట్టీ పొడుగునా పసుపు రాసి, రెండు కొసలకూ బొట్లు పెట్టాడు. చాలా ఇళ్ళలో అలా చేసేవాడట, ఆడవాళ్ళకు నచ్చుతుందని. ఆమె ముఖం తేటపడింది. నాకూ మనసు కుదుటపడింది. ఆ రోజు నడిచి చూడమని ఆమెను అడగలేదు. అప్పటికి ఆమె ఇంకా లేచి నిలబడేది కాదు.

గడప తొక్కకూడదని మాకు ఎవరూ నేర్పనక్కర లేదు. దాని మీద నిలబడం, కూర్చోం. పొరపాటున కాలు తగిలితే వంగి వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంటాం. పట్టీ వేసిందేమో కాలు దాని మీదుగా ఈడ్చుకుపోవడానికి. కొద్ది వారాల తర్వాత ఆమె కర్రతో మొదటిసారి తలుపు దాకా వచ్చి, పసుపు రాసిన పట్టీని చూసి, దాన్ని దాటడానికి లేవని కాలును ఎత్తింది. ముందుకు పడింది. కనుబొమ్మ పగిలింది.

ఆస్పత్రిలో కుట్లు వేయించుకుని వచ్చాక అడిగాను.

“దాటుడెందుకు? అది పట్టీ. తొక్కచ్చు.”

“గడప తొక్కుతరా?”

“గడప గాదది.”

“గడపనే అని చెప్పిండు గదా.”

“నీ మనసు కోసం చెప్పిండు.”

“బొట్లు గూడ నా మనసు కోసమే పెట్టిండా?”

ఆమె మళ్ళీ తలుపు వైపు రాలేదు. దాటితే పడతానని భయం, తొక్కడానికి మనసు రాదు. ముందరి గదిలో కిటికీ పక్కన ఆమె కుర్చీ ఉంది. వీధిలో పోయేవాళ్ళు అక్కడ ఆమెను పలకరించేవాళ్ళు. ఆ కుర్చీ దాకా తన కాళ్ళతో పోవాలన్నదే ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఆమె కోరిక. ఇప్పుడు దాని ఊసే ఎత్తడం మానేసింది. కాలు వాడకపోతే ఉన్న బలం కూడా పోతుందని వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి హెచ్చరించి వెళ్ళింది. అన్నం, స్నానం, తక్కిన అవసరాలు అన్నీ మంచం దగ్గరే. ఆ రోజుల్లో మేమిద్దరం ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకోలేదు. కోపం కాదు, ఓపిక లేక.

అది గడప అన్న మాట ఆయన నోటి నుంచి వచ్చింది. వెనక్కి తీసుకోవాల్సింది ఆయనే. ఫోన్ చేసి జరిగింది చెప్పాను. బ్రిడ్జి మీదున్నానని అనలేదు. మధ్యాహ్నానికల్లా వచ్చాడు. మోపెడ్‌కు పైపు లేదు, పనిముట్ల సంచీ కూడా లేదు.

తలుపు దగ్గర నిలబడి ఆమె నుదుటి మీది కట్టు చూశాడు.

“గిట్లెట్లాయె అక్కా?”

“నీ గడప దాటబోయిన.”

భుజం మీది తువ్వాల తడుపుకొచ్చి, కింద కూర్చుని, పట్టీ మీది పసుపు తుడవడం మొదలుపెట్టాడు. పైది పోయింది. జారకుండా పట్టీ మీద సన్నని గాడులుంటాయి, వాటిలోది పోలేదు. గోటితో గీకాడు. అయినా కొంత మిగిలింది.

“పసుపు తుడుస్తరా? అరిష్టం గాదా?” అంది ఆమె.

“గడపకైతె అరిష్టం. గిది గడప గాదక్కా. నేను తప్పు చెప్పిన. నువ్వు రంది వడుతున్నవని నోటికొచ్చింది అన్న. గిది దుకాణంల మూలకు నిలవెట్టి ఉంటది. అండ్ల దేవుడు లేడు, ఏం లేడు. తొక్కేతందుకే జేసిండ్రు.”

“మరి నా గడప ఏడవాయె?”

ఆయన వాకిలి వైపు చేయి చూపాడు. “అగో, పెద్ద దర్వాజకున్నది గదా. ఇంటికి ఒక్క గడప సాలదా?”

ఆమె అటు చూసింది. “నువ్వు తొక్కు మరి, చూస్త.”

ఆయన లేచాడు. రెండు కాళ్ళూ పట్టీ మీద పెట్టి నిలబడ్డాడు. ఆమె వైపు చూసి, చూశావా అన్నట్టు తలాడించాడు. దిగాడు. దిగీ దిగగానే నడుము వంగింది, వేళ్ళు పట్టీని తాకాయి, చేయి కళ్ళ దగ్గరకు వెళ్ళింది. ఏం చేశాడో ఆయనకే తెలియలేదు.

ఆమె నవ్వింది. పడినప్పటి నుంచి అదే మొదటి నవ్వు. అప్పట్లో నవ్వితే మూతి ఒక పక్కకే పోయేది.

“దేవుడు లేడంటివి. దేనికి మొక్కితివి?”

ఆయన చేయి ఇంకా కళ్ళ దగ్గరే ఉంది. “పనికి మొక్కిన అక్కా. అన్నం వెట్టేది గదా.”

“అబద్ధం.”

“అబద్ధమే,” అన్నాడు. “అలవాటు. నాకూ అదే అలవాటు, నీకూ అదే అలవాటు. కని నా కాలు లేస్తది, నీ కాలు లేవది. గందుకే నువ్వు తొక్కాలె.”

కాలు లేవదన్న మాట మా ఇంట్లో అప్పటి వరకు ఎవరూ ఆమె ముఖం మీద అనలేదు. మెల్లగా వస్తుంది, అంతా సర్దుకుంటుంది అనేవాళ్ళం. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

“రేపు తొక్కుత.”

“రేపు నాకు మందమర్రిల పనున్నది. గిప్పుడే.”

అని ముందరి గది వైపు మోకాళ్ళ మీద కూర్చుని, పట్టీ రెండు కొసలనూ రెండు అరచేతులతో అదిమి పట్టుకున్నాడు. పట్టీ మరలతో గట్టిగానే ఉంది. పట్టుకోవాల్సిన పనేమీ లేదు.

“గట్ల వట్టుకున్నవేంది? లేస్తదా?” అంది ఆమె.

“లేవది. ఊకెనే వట్టుకున్న. నువ్వు రా.”

ఆమె కర్ర పట్టుకుని లేచింది. నేను వెనక నిలబడ్డాను. తలుపు దాకా వచ్చి ఆగింది. ఎడమ కాలు నేల మీద గీసుకుంటూ వచ్చి, ఆయన రెండు చేతుల నడుమ, పట్టీ మీద ఆగింది. ఆమె కళ్ళు మూసుకుంది. అప్పుడు ఏం అనుకుందో తర్వాత అడిగినా చెప్పలేదు. కాలు అటు వైపు జారింది. కర్ర, ఇంకో కాలు. కుర్చీ దాకా నడిచి కూర్చుంది.

“చప్పుడు రాలే,” అన్నాడు ఆయన చేతులు దులుపుకుంటూ. అప్పటికి గోడ వారగా పెట్టిన చాయ్ చల్లారింది. తాగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మంచిర్యాలలో పని ఉంటే మా వీధిలోకి వచ్చేవాడు. లోపలికి వచ్చి, వంగి, వేలి కణుపుతో పట్టీని అక్కడక్కడా కొట్టి వినేవాడు. “తొక్కుతున్నవా అక్కా?” అనేవాడు. “తొక్కుతున్న. నువ్వు మొక్కుతున్నవా?” అని ఆమె అనేది. ఇద్దరూ ప్రతిసారీ అదే కొత్తగా విన్నట్టు నవ్వేవాళ్ళు. మా ఇంటి సంగతి తర్వాత ఇంకెక్కడా పట్టీకి పసుపు పెట్టలేదని, పెట్టమని అడిగినా పెట్టలేదని ఒకసారి ఆమెతో చెప్పాడు. కుక్కర్ సంగతి తెలిసినవాణ్ణి కనుక పూర్తిగా నమ్మలేదు. నమ్మాలని మాత్రం ఉంది.

మోకాళ్ళు బాగా పాడయ్యాయి చివరికి. గోనెసంచి మడిచి వేసుకుని కూర్చునేవాడు. లేవడానికి తలుపు చెక్క పట్టుకునేవాడు. పట్టీలు కోసే మిషన్ దుమ్ముకు దగ్గేవాడు. ఇక మానెయ్యరాదా అని నా భార్య అంటే, “మానేస్తె ఏం జెయ్యాలె అక్కా, ఇంట్ల కూసుంటె మా ఆమె తొక్కుతది,” అన్నాడు. ఆయనను చివరిసారి చూసింది అప్పుడే.

ఫోన్ పెట్టేసే ముందు ఆయన భార్య ఒక మాట అడిగింది.

“మీరు మంచిర్యాల సారే గదా? అక్క తొక్కుతున్నదా?”

“తొక్కుతున్నది,” అన్నాను.

“మీ దిక్కు వచ్చినప్పుడల్లా ఇంటికొచ్చి చెప్పెటోడు. తొక్కుతున్నదట అని.” నేను ఫోన్ పెట్టేశాను.

నా భార్యకు చెప్పాను. ఆమె తలుపు వైపు చూసింది. “చాయ్ సల్లగైనంక తాగెటోడు,” అంది. అంతే.

రెండు రోజులు ఆమెను పట్టుకుని దాటించాను. మూడో రోజు ఒక కొత్తాయన వచ్చాడు. చెప్పిన వేళకే వచ్చాడు. తక్కువ మాటల మనిషి. పాత మర తీసేసి, రంధ్రంలో కొత్త చెక్క బిరడా కొట్టి, పొడుగు మర తిప్పాడు. పట్టీ కూర్చుంది. సంచీ ముందరి గదిలో ఉంది. దాని కోసం వెళ్ళబోతూ గాడుల్లో మిగిలిన పసుపు చూసి ఒక క్షణం ఆగి, కాలెత్తి పట్టీని దాటాడు.

“తొక్కు తమ్మీ,” అంది నా భార్య మంచం మీద నుంచి.

“పసుపున్నది గదమ్మా. గడపనుకున్న.”

“గడప గాదు, తొక్కేది. మీదికెళ్ళి నడువు. చప్పుడొస్తదో రాదో సూడాలె.”

ఆయన నా వైపు చూశాడు. నేను తలూపాను. మొహమాటంగా పట్టీ మీద కాలు పెట్టి అటూ ఇటూ నడిచాడు. చప్పుడు రాలేదు.

అప్పుడు ఆమె లేచింది. నన్ను పట్టుకోవద్దంది. కర్ర, ఎడమ కాలు, పట్టీ. కాలు దాని మీద ఆగింది, జారింది, అటు వైపు చేరింది. కుర్చీలో కూర్చుని కర్రను గోడకు ఆనించింది. కొత్తాయన పనిముట్లు సర్దుకుంటున్నాడు. వంగడం ఆమెకు చేతకాదు. కుడి చేయి ఒడిలోంచి లేచి, వేళ్ళు ఒకసారి కళ్ళను తాకి, మళ్ళీ ఒడిలోకి వచ్చాయి.